గడువు దాటినా బీమా అప్పీలుకు అవకాశం

ఆరోగ్య బీమా క్లెయిము తిరస్కరణకు గురై, అప్పీలు గడువు సైతం దాటిపోయిన పాలసీదారులు నిరాశ చెందనవసరం లేదు. జాప్యానికి తగిన కారణం ఉంటే మన్నించే అధికారాన్ని చట్టమే కల్పించింది.

ఉభయ తెలుగు రాష్ట్రాల వారు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. ఆ విన్నపాన్ని కంపెనీ తోసిపుచ్చితే ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. గడువు మీరితే, కంపెనీ అభ్యంతరాలు పరిశీలించిన మీదట జాప్యాన్ని మన్నించేందుకు 2017 నాటి నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. ఇందుకు రుసుము లేదు, న్యాయవాదితో పని లేదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్లు, దాని ఉత్తర్వులపై రాష్ట్ర కమిషన్‌లో అప్పీలుకు 45 రోజులు గడువు. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ఈ రెండింటికీ మినహాయింపునిచ్చింది.

తీవ్ర అనారోగ్యం, కుటుంబంలో మరణం, వరదలు, ఉత్తర్వుల ప్రతి ఆలస్యంగా అందడం వంటివి సాధారణంగా అంగీకారయోగ్యమైన కారణాలు. చట్టం తెలియదనడం, తీరిక లేదనడం సాధారణంగా చెల్లవు. జాప్యం మన్నింపు దరఖాస్తుకు ప్రమాణపత్రంతో పాటు ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, మరణ ధ్రువీకరణ పత్రం, తపాలా ముద్ర గల కవరు వంటి ఆధారాలు జతపరచాలి.

ఇటువంటి దరఖాస్తులపై ఉదార వైఖరి అవలంబించాలని 1987లో కాటీజీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే మన్నింపు హక్కు కాదు, విచక్షణ మాత్రమే. అడ్డంకి తొలగిన వెంటనే దాఖలు చేయడం శ్రేయస్కరం. ఆ తర్వాతి ఆలస్యానికీ సంజాయిషీ ఇచ్చుకోవలసి ఉంటుంది.