మూటాముల్లెతో పట్నం దాటడం

నిజాం రాజ్యానికి పట్టాలు వేయించుకున్నది హైదరాబాద్ ప్రభువే అయినా, 1874లో వాడి జంక్షన్ నుంచి వచ్చిన రైలు ఆగింది మాత్రం సికింద్రాబాద్‌లో, బ్రిటిష్ కంటోన్మెంటు పక్కన. చార్మినార్ వైపు పోవాల్సినవాళ్లు దిగి, ట్రంకుపెట్టెలు జట్కాకెక్కించి, హుస్సేన్‌సాగర్ కట్ట మీదుగా అసలు పట్నానికి చేరుకోవాలి. సామానుతో నగరం దాటే బెడద ఆ రోజే మొదలైంది. పట్నంలో నాంపల్లి స్టేషన్ 1907లో గానీ రాలేదు.

అది వచ్చాకైనా కష్టం తీరిందా అంటే, ఇంకోటి తోడైంది. మన్మాడ్ వైపు మీటరు గేజి రైళ్లు నడిపే గోదావరి లోయ రైల్వే 1916లో కాచిగూడలో గుమ్మటాలతో అందమైన స్టేషన్ కట్టింది. నాంపల్లిది బ్రాడ్ గేజి. పట్టాల వెడల్పే వేరైనప్పుడు ఒకచోట దిగి మరోచోట రైలెక్కాల్సినవాడి పెట్టె రోడ్డున పడక తప్పదు. కూలీ నెత్తి మీద నుంచి టాంగాలోకి, టాంగాలోంచి మళ్లీ కూలీ నెత్తి మీదికి.

ఈ చిక్కును కాస్త తెలివిగా చూసింది నిజాం రైల్వేనే. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం ఇదే. ఇక్కడ గమనించాల్సింది బస్సుల సంఖ్య కాదు, యజమాని. రైలూ బస్సూ ఒకే సంస్థవి. 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ కూడా పెట్టింది. పట్టాలు, రోడ్డు, ఆకాశం మూడూ ఒకే సర్కారు కనుసన్నల్లో ఉన్న రోజులవి. అలాంటి వీలు ఈ నగరానికి మళ్లీ దక్కలేదు.

1950లో రైల్వే కేంద్రం చేతికి పోయింది, 1951లో బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చాయి. 1953లో విమానాలూ జాతీయమయ్యాయి. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ పుట్టింది. ఎవరి లెక్కలు వారివి, ఎవరి స్టాండు వారిది.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు సామాను భారమంతా మోసింది సిటీ బస్సే. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు పోయే 7జెడ్ డబుల్ డెక్కర్‌ను ఇప్పటికీ తలచుకునేవాళ్లున్నారు. పైఅంతస్తు ముందు సీటు పిల్లలకు పండగే. బియ్యం బస్తాతో వచ్చినవాడికి ఆ ఇరుకు మెట్లతో పనేముంది, కిందే నిలబడాలి. మామూలు బస్సుల్లో ముందు తలుపు ఆడవాళ్లది, వెనక తలుపు మగవాళ్లది. ఊరి నుంచి వచ్చిన కుటుంబం అక్కడే రెండుగా చీలేది. సంచులూ పచ్చడి జాడీలూ ఆమెతో ముందు నుంచి ఎక్కి డ్రైవర్ పక్కన ఇంజన్ బానెట్ దగ్గర సర్దుకునేవి. బస్తాతో ఆయన వెనక ఫుట్‌బోర్డు దగ్గరే చిక్కుకునేవాడు. టికెట్లు ముందు తీసుకున్నారా, వెనకా అని కండక్టర్ కేక. జనం తలల మీదుగా చేతులు మారుతూ చిల్లర వెనక్కి. బస్తాకు లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అన్న పేచీ దిగేదాకా నడిచేది.

జిల్లాల బస్సులు చాలాకాలం గౌలిగూడలోనే ఆగేవి. విమానాల హ్యాంగర్ కోసం తయారైన పెద్ద ఇనుప షెడ్డు అది. 1994లో మూసీ ఒడ్డున ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ తెరిచాక జిల్లాల బస్సులు అక్కడికి మారాయి, గౌలిగూడ సిటీ బస్సులకు మిగిలింది. ఆ షెడ్డు 2018 జూలై 5న కుప్పకూలింది. ముందుగానే ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది. కరీంనగర్, నిజామాబాద్ వైపు వెళ్లేవారికి మాత్రం సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ వేరే. ఒక బస్టాండులో దిగి రెండో దానికి పోవాలంటే నగరాన్ని నిలువునా దాటాలి.

స్టేషన్లను కలిపే పని ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లతో 2003 ఆగస్టులో మొదలైంది. టికెట్ చవక, మెట్లు తక్కువ, మూటలకు అడ్డు చెప్పేవాడు లేడు. కానీ రైలుకూ రైలుకూ మధ్య నిరీక్షణ ఎక్కువ కావడంతో, చేతిలో దూరప్రయాణపు టికెట్ ఉన్నవాడు దాన్ని నమ్ముకోలేకపోయాడు. 2017 నవంబర్‌లో వచ్చిన మెట్రో ఆ లోటు తీర్చింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఇమ్లీబన్‌కు మెట్రో నడవడం, ఈ ప్రయాణికులకు జరిగిన అతిపెద్ద మేలు. స్కానర్ బెల్టు మీద సంచి వేసి తీసుకోవడమే కొత్త తతంగం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి నాంపల్లి పోవాలంటే మాత్రం అమీర్‌పేటలో రైలు మారాలి. సాయంత్రం ఆఫీసుల రద్దీలో అక్కడ సూట్‌కేసు లాగడం ఓపిక ఉన్నవాళ్ల పని.

ఇంతలో గమ్యాలే దూరం జరిగాయి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్ పోయింది. అక్కడికి పుష్పక్ బస్సులున్నాయి గానీ రైలు లేదు. 2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ మీద ఒత్తిడి తగ్గించడానికి కొన్ని రైళ్లను అటు మళ్లించారు. టెర్మినల్ ముందు వచ్చింది, మెట్రో రాలేదు. 150 ఏళ్ల కింద సికింద్రాబాద్‌లో చేసిన పొరపాటునే మనవాళ్లు మళ్లీ చేశారు.

అందుకే పండక్కి టికెట్ బుక్ చేసేటప్పుడు రైలు పేరుతో పాటు స్టేషన్ పేరూ చదవండి. నాంపల్లి, కాచిగూడ, సికింద్రాబాద్, లింగంపల్లి, చర్లపల్లి, ఏదైనా కావచ్చు. అర్ధరాత్రి చేరే బండి అయితే అక్కడి నుంచి ఇంటికి బస్సు ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి.