వెన్నుపాము రక్షణ ప్రతీకార చర్యలు

ఒంటికి హాని చేసేది ఏదైనా తగలగానే, మెదడు ఆజ్ఞ కోసం ఆగకుండా వెన్నుపామే కండరాలను కదిలించి ఆ భాగాన్ని తప్పించడాన్ని వెన్నుపాము రక్షణ ప్రతీకార చర్య అంటారు. ముల్లు గుచ్చుకున్న కాలు పైకి లేవడం, కాలిన చెయ్యి వెనక్కి రావడం ఈ కోవలోవే. పేగుకు చిల్లుపడినప్పుడు పొట్ట కండరాలు చెక్కలా బిగుసుకుపోవడం కూడా ఇలాంటిదే. బడిలో దీన్ని అసంకల్పిత ప్రతీకార చర్యగా చదువుకుంటాం. అక్కడ గీయించే బొమ్మలో ఒక జ్ఞాననాడి, ఒక సహసంబంధ నాడి, ఒక చాలకనాడి, చివర ఒక కండరం ఉంటాయి. ఆ బొమ్మ తప్పు కాదు గానీ, చిన్నది. ఒక్క ముల్లుకు కదిలేది ఒక్క కండరం కాదు, రెండు కాళ్లూ, వాటి మీద నిలిచిన ఒళ్లంతా.

ముల్లు నుంచి కండరం దాకా

వరంగల్ పరిసరాల్లో పత్తిచేలో వట్టి కాళ్లతో నడుస్తున్న మనిషి అరికాల్లో తుమ్మముల్లు దిగిందనుకుందాం. చర్మంలో హానిని పసిగట్టడానికే ఉన్న నాడీ కొసలు వెంటనే సంకేతం పంపుతాయి. ఈ సంకేతాలు మోసే తంతువులు రెండు రకాలు. పలచని మయలిన్ తొడుగు ఉన్న ఎ-డెల్టా తంతువుల్లో వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. తొడుగు లేని సి తంతువుల్లో అది సుమారు ఒక మీటరే. అరికాలి నుంచి వెన్నుపాముకు దూరం దాదాపు ఒక మీటరు కాబట్టి, మొదటి రకం కబురు సెకనులో ఐదోవంతు లోపే చేరితే, రెండోది చేరడానికి సెకను పడుతుంది. ముల్లు దిగగానే చురుక్కుమనడం, కాస్త ఆగి సలుపు మొదలవడం ఈ తేడా వల్లే. కాలు లేవడానికి మొదటి కబురు చాలు. చీలమండ దగ్గరి నాడికి విద్యుత్ ప్రేరణ ఇచ్చి తొడ వెనక కండరంలో స్పందనను కొలిస్తే, అది 100 మిల్లీసెకన్ల ప్రాంతంలో కనిపిస్తుంది.

కబురు వెన్నుపాములోకి వెనక వైపు వేరు గుండా వస్తుంది, ఆజ్ఞ ముందు వైపు వేరు గుండా వెళ్తుంది. ఈ విభజనను 1811లో చార్లెస్ బెల్, 1822లో ఫ్రాంస్వా మజాందీ చేసిన పని తేల్చింది. లోపలికి వచ్చిన కబురు ఒకేచోట ఆగదు. సహసంబంధ నాడీకణాల ద్వారా పైనా కిందా ఉన్న అనేక ఖండాలకు పాకుతుంది, ఇంకో శాఖ మెదడుకు వెళ్తుంది. నొప్పి అని మనకు తెలిసేది ఆ శాఖ వల్ల. మనం 'అబ్బా' అనేసరికే కాలు లేవడం మొదలై ఉంటుంది.

పెద్దవారిలో వెన్నుపాము నడుము కింది దాకా ఉండదు. మొదటి, రెండో కటి వెన్నుపూసల దగ్గరే ముగుస్తుంది. అందువల్ల అరికాలి ప్రతీకార చర్యను నడిపే ఖండాలు ఉండేది వీపు కిందిభాగంలో, చివరి పక్కటెముకల ఎత్తులో. దెబ్బ తగిలినప్పుడు ఈ సంగతి ఎంత ముఖ్యమో కింద చూడవచ్చు.

లేచే కాలు, నిలిచే కాలు

తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒకేసారి ముడుచుకుంటేనే పాదం నేల నుంచి లేస్తుంది. వాటిని ముడిచే కండరాలు బిగుసుకుంటున్నప్పుడు చాచే కండరాలు సడలాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి లాగి కాలు కదలదు. ఈ సడలింపు ఊరికే జరిగేది కాదు. గ్లైసిన్ వంటి రసాయనాలు వదిలే నిరోధక నాడీకణాలు చాచే కండరాల చాలకనాడులను అణచిపెడతాయి. అదే క్షణంలో రెండో కాల్లో దీనికి పూర్తిగా తిరగబడిన అమరిక జరుగుతుంది. చాచే కండరాలు బిగుసుకుని, ఒళ్లు బరువంతా ఆ కాలు మోస్తుంది. ముల్లు గుచ్చుకున్న మనిషి కూలబడకుండా నిలబడగలగడానికి కారణం ఇదే. వెన్నుపాము చేసే పనుల్లో దీనంత అందమైనది ఇంకొకటి లేదని ఈ వ్యాసకర్త నమ్మకం.

దిశ కూడా నిర్ణయమవుతుంది. పాదం ముందుభాగంలో గుచ్చుకుంటే పాదం పైకి మడుచుకుంటుంది, మడమలో గుచ్చుకుంటే కిందికి వంగుతుంది. రెండు సందర్భాల్లోనూ గుచ్చుకున్న చోటే ముల్లుకు దూరమవుతుంది. నొప్పి ఎక్కువైన కొద్దీ కదిలే కీళ్లు పెరుగుతాయి. ముల్లు వదిలాక కూడా కాలు కొంతసేపు ముడుచుకునే ఉంటుంది, వెంటనే మళ్లీ అక్కడే పెట్టకుండా.

వీటిని వివరంగా తేల్చిన శాస్త్రవేత్త ఇంగ్లండుకు చెందిన చార్లెస్ షెరింగ్టన్. 1906లో వచ్చిన ఆయన గ్రంథం ఈ రంగానికి పునాది. 1932లో ఎడ్గార్ ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయనకు ముందు 1833లో మార్షల్ హాల్ వెన్నుపాము తనంతట తాను పనిచేయగలదని వాదించారు. 1853లో ఫ్లూగర్ తల తీసేసిన కప్ప పక్కమీద ఆమ్లం పెడితే అది సరిగ్గా ఆ చోటుకే కాలు చాచి తుడుచుకోవడాన్ని చూపించారు.

మిర్చి యార్డు

అన్ని రక్షణ చర్యలూ వెన్నుపామువి కావు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఎండుమిర్చి బస్తాలు దింపే హమాలీలకు వచ్చే తుమ్ము, దగ్గు, కళ్లు మూసుకుపోవడం మెదడు కాండం నడిపించేవి. వాటి కబురు మోసే జ్ఞాననాడులు వెన్నుపాములోకి రావు.

కానీ మిర్చికీ నిప్పుకూ చర్మంలో తలుపు ఒకటే. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, మిర్చిలోని క్యాప్సైసిన్‌కు కూడా తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనుగొంది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. తొడిమలు తీసిన చేతులు రాత్రంతా మండటం ఇందువల్లే. పొయ్యి మీది గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం, మంట తగ్గుతుంది. కారం చర్మంలోకి ఇంకాక చెయ్యి ఎటు తీసుకెళ్లినా లాభం లేదు. ప్రతీకార చర్య చేయగలిగింది దూరం జరపడమే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చికి ఎరుపు ఎక్కువ, కారం తక్కువ కాబట్టి ఈ బాధ కొంత నయం.

మెదడు పట్టు

వెన్నుపాము తనంతట తాను పనిచేసినా, మెదడు దాన్ని అణచగలదు, హెచ్చించగలదు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న కొమురవెల్లిలో మల్లన్న జాతర అగ్నిగుండాల్లో భక్తులు నిప్పుల మీద నడుస్తారు. బూడిద పట్టిన నిప్పులు వేడిని నెమ్మదిగా అందిస్తాయి, పాదం ఆనేది క్షణమే. అలా నడవగలగడానికి అది ఒక కారణం. నడవాలని ముందే నిశ్చయించుకున్న మెదడు, కిందికి దిగే నాడీ మార్గాల ద్వారా కాలు వెనక్కి లాక్కునే చర్యను అణచిపెట్టగలగడం ఇంకో కారణం. చేతిలో బిడ్డ ఉండగా ఆ చెయ్యి కాలినా తల్లి బిడ్డను వదిలేయదు. అది కూడా ఈ పట్టువల్లే.

పసిపిల్లల్లో ఈ పట్టు ఇంకా కుదురుకోదు. వాళ్ల అరికాలి అంచు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. ఏడాది, రెండేళ్లలో అది పోతుంది. పెద్దవారిలో మళ్లీ కనిపిస్తే మెదడు నుంచి దిగే మార్గం దెబ్బతిన్నట్టు. 1896లో జోసెఫ్ బాబిన్‌స్కీ వర్ణించిన ఈ గుర్తును, 1959లో మొదలైన వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలోనైనా మరెక్కడైనా, వైద్య విద్యార్థులు చదువుకునే రోజుల్లోనే చూడటం నేర్చుకుంటారు. కావలసిన పరికరం మొండి పుల్ల ఒకటి.

తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు

తెలంగాణ పల్లెల్లో వెన్నుపాము దెబ్బలకు బాగా తెలిసిన కారణం, మోకు జారి గీత కార్మికులు తాటిచెట్టు మీంచి పడటం. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే. పడ్డ మనిషి కాళ్లు ఎలా స్పందిస్తాయన్నది దెబ్బ ఏ ఎత్తులో తగిలిందో చెబుతుంది.

మెడ దగ్గరో, వీపు పైభాగంలోనో వెన్నుపాము తెగితే, మొదట దెబ్బకు కింద ఉన్న ప్రతీకార చర్యలన్నీ ఆగిపోతాయి. కాళ్లు వేలాడిపోతాయి. దీన్ని స్పైనల్ షాక్ అంటారు. రోజుల నుంచి వారాల్లో కింది భాగం మళ్లీ పనిచేయడం మొదలుపెడుతుంది, ఈసారి మెదడు పట్టు లేకుండా. దుప్పటి తగిలినా, కాలి వేలు నొక్కినా కాలు గబుక్కున ముడుచుకుంటుంది. మంచం పక్కన ఉన్నవాళ్లు 'కాలు కదిలింది, బాగవుతున్నాడు' అని సంబరపడతారు. వాళ్లకు ఓపికగా చెప్పాల్సిన మాట ఇది: ఆ కదలిక వెన్నుపాముది, మనిషిది కాదు. కాలు కదిలించమన్నప్పుడు కదిలిందా, తాకితే తెలిసిందా అన్నవే కోలుకోవడానికి గుర్తులు. ఆశ వదులుకోమని చెప్పడం కాదు, ఆశ ఎక్కడ పెట్టుకోవాలో చెప్పడం.

అదే దెబ్బ వీపు కింది చివర, అంటే ఎత్తు నుంచి పడినవారిలో తరచూ విరిగే చివరి ఛాతీ, మొదటి కటి వెన్నుపూసల దగ్గర తగిలితే, కాళ్ల ప్రతీకార చర్యలు నడిపే ఖండాలే నలిగిపోతాయి. అప్పుడు కాళ్లు బిగుసుకోవు, మెత్తగానే ఉండిపోతాయి. ముల్లు గుచ్చినా కదలిక ఉండకపోవచ్చు.

ఆరో ఛాతీ ఖండానికి పైన తెగినవారిలో ఇంకో ప్రమాదం ఉంది. మూత్రాశయం నిండినా, పిరుదుల మీద పుండు పడినా ఆ బాధ మనిషికి తెలియదు గానీ వెన్నుపాముకు తెలుస్తుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైన చెమటలు దీని గుర్తులు. వెంటనే కూర్చోబెట్టాలి, మూత్రం గొట్టం మెలిక పడిందేమో చూడాలి, డాక్టరును పిలవాలి. ఇంట్లో చూసుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ప్రాణం నిలుస్తుంది.

నిరోధం పోయినప్పుడు, కబురే అందనప్పుడు

ధనుర్వాతం క్రిమి విషం నిరోధక నాడీకణాల నోరు మూసేస్తుంది. ముడిచేవీ చాచేవీ అన్ని కండరాలూ ఒక్కసారే బిగుసుకుంటాయి, తలుపు చప్పుడుకే ఒళ్లు విల్లులా వంగుతుంది. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారిలో కొందరికి ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతుంది, మెదడు పట్టు తప్పి వాళ్లలో మోకాలి ప్రతీకార చర్య అతిగా కనిపిస్తుంది. నల్గొండ ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

వీటికి పూర్తి విరుద్ధమైన స్థితి ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిది. పాదాల సన్నని నాడులు మొద్దుబారతాయి. కబురే బయలుదేరకపోతే వెన్నుపాము ఏం చేస్తుంది? హనుమకొండ వేయిస్తంభాల గుడిలో మే నెల మధ్యాహ్నం రాతి నేల మీద అడుగుపెడితే అందరూ గబగబా నీడలోకి పరుగెడతారు. షుగర్‌తో స్పర్శ పోయినవారు తీరిగ్గానే ప్రదక్షిణ చేయగలరు, బొబ్బలు ఇంటికొచ్చాక చూసుకుంటారు. ముల్లు దిగిన చోట చీము పట్టి, వాపు కనిపించేదాకా తెలియనివారూ ఉన్నారు. ఈ దశను ముందే పట్టుకోవడానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును కళ్లు మూసుకున్న మనిషి అరికాలికి కొన్ని చోట్ల ఆనించి, తెలిసిందా అని అడుగుతారు. పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. షుగర్ ఉన్నవారు కనీసం ఏడాదికోసారి చేయించుకోవాలి. స్పర్శ తగ్గిందని తేలినవారు రోజూ అరికాళ్లు చూసుకోవాలి, కంటికి ఆనకపోతే ఇంట్లోవాళ్ల చేత చూపించుకోవాలి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి.