పేరులేని వాయుగుండము

మన పద్మశాలి పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలను విడిచి, మగ్గమును నమ్ముకొని పడమరకు నడచి షోలాపురము చేరినారు. 2020వ సంవత్సరము అక్టోబరు మాసమున ఒక వాయుగుండము కూడ తెలంగాణము మీదుగా పడమరకే నడచి, మన కుంఠా నాకా వఱకు వచ్చినది. దాని చరిత్రను మన పిల్లల కొఱకు ఇచట వ్రాయదలచితిమి.

సముద్రజలము ఇంచుమించు 27 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గలదైనపుడు ఆవిరి విశేషముగ లేచును. ఆ యావిరి పైన చల్లబడి మేఘమగునపుడు తనలోని వేడిమిని విడుచును. అందువలన గాలి తేలికయై పైకెగయును. క్రింద పీడనము తగ్గును. చుట్టుప్రక్కల గాలి ఆ చోటికి పరుగిడును. భూభ్రమణము వలన అది తిన్నగా రాక, మన ఉత్తరార్ధగోళమున గడియారపు ముల్లునకు ఎదురుదిశలో సుడి తిరుగును. భూమధ్యరేఖకు మిక్కిలి చేరువలో ఈ త్రిప్పు చాలదు గనుక అచట తుఫాను పుట్టుట అరుదు.

ఈ సుడిని చూచియే కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టను 1848లో 'సైక్లోను' అను పేరు కల్పించెను. 1864లో అక్టోబరున కలకత్తాను, నవంబరున బందరును ఘోరమైన తుఫానులు ముంచెత్తినవి. ఆ విపత్తులును, తరువాతి కఱవులును కారణములుగ 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. ఆ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగమందుకొన్నపుడే తుఫాను. అంతకు లోబడినవి వాయుగుండములు. పేరు పెట్టుట తుఫానులకు మాత్రమే.

మేము చెప్పుచున్న వాయుగుండమునకు ఆ గౌరవము దక్కలేదు. అండమాను సముద్రపు చెంత అల్పపీడనముగ మొదలై, తీవ్ర వాయుగుండమై, అక్టోబరు 13వ తేదీ ఉదయమున కాకినాడ సమీపమున తీరము దాటినది. ఆ రాత్రి హైదరాబాదు నగరము నీట మునిగినది. ఒక్క దినముననే అచట 190 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురిసినది.

నేలపైకి వచ్చిన సుడికి సముద్రపు ఆవిరి తగ్గును. కొండలు, చెట్లు, కట్టడములు గాలిని ఒరయును. కనుక అది బలహీనమగును. కాని గాలి తగ్గుట వేఱు, వాన తగ్గుట వేఱు. సుడి చెదరినను తడిగాలి చేరుచున్నంతవఱకు మేఘము కురియుచునే యుండును.

ఈ భేదము మేమును ఎఱుగమైతిమి. హైదరాబాదు బంధువులు ఫోనులో చెప్పిన మాట విని జాలిపడితిమే కాని, "పేరైన లేని వాయుగుండము ఇంత దూరము వచ్చునా? మనది వానలెఱుగని సీమ కదా!" అని తలచి, నూలు చిలపలను నేలమీదనే యుంచితిమి. 14వ తేదీన ఆ మేఘములే మన నెత్తిపైకి వచ్చినవి. మగ్గపు గుంటలో నీరు నిలిచినది. అడుగు చిలపలు తడిసిపోయినవి. మా నష్టము స్వల్పము. ఆ దినముననే పండరిపురమున కుంభార ఘాటు వద్ద గోడ కూలి ఆరుగురు మరణించిరి. తరువాత భీమానది పొంగి పరీవాహక గ్రామములను ముంచెను.

బలముడిగిన ఆ సుడి అరేబియా సముద్రము చేరి, 17వ తేదీన మరల వాయుగుండమై, పడమరకు సాగి సముద్రముననే అణగిపోయినది.

తూర్పుతీరపు వార్త మనకు దూరపు వార్త కాదని ఆ యేడు తెలిసినది. కాకినాడ యొద్ద వాయుగుండము తీరము దాటినదని వినిన నాడు, దానికి పేరున్నదా లేదా యని చూడక, నూలును అటకెక్కింపుడు. నానిన మట్టిగోడ చెంత ఎవ్వరిని పరుండనీయకుడు. తడిసిన నూలు ఎండలో ఆరును. కూలిన గోడ క్రింద పోయిన ప్రాణము మరల రాదు.