కప్లింగు (రైల్వే)

కప్లింగు: రెండు వస్తువులను గట్టిగా కలిపి, కావలసినప్పుడు విడదీయడానికి వీలిచ్చే సాధనం. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఈ మాట తెలుగునాట చాలా వృత్తుల్లో స్థిరపడింది. రైతుకు అది మోటారు షాఫ్టును పంపు షాఫ్టుతో కలిపే జత. ప్లంబరుకు రెండు పైపుల కొసలను కలిపే ముక్క. రైల్వేలో ఇంజినుకు పెట్టెను, పెట్టెకు పెట్టెను తగిలించే ఏర్పాటు. ఈ చివరి అర్థమే ఇక్కడి విషయం. అనంతగిరి మండలం టైడా మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ (కేకే) మార్గంలో దాని పనితనం బాగా తెలుస్తుంది.

తొలి రైలు పెట్టెలను గొలుసులతో కలిపేవారు. 1830లలో లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వేకు చెందిన హెన్రీ బూత్ మరతో బిగించే స్క్రూ కప్లింగును రూపొందించాడు. బ్రిటిష్ వారి వెంట అదే భారతదేశానికి వచ్చింది. అమెరికాలో ఈలై జానీ 1873లో నకిల్ కప్లరుకు పేటెంటు పొందాడు. వంచిన వేళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నట్టు దీని దవడలు కలుస్తాయి. తగిలించేటప్పుడు పెట్టెల నడుమ నలిగి కార్మికులు చనిపోతుండడంతో అక్కడ 1893లో చట్టం చేసి, వాటంతటవే కలిసే కప్లర్లను తప్పనిసరి చేశారు. ప్రాణాలు కాపాడిన గొప్ప చట్టమది.

స్క్రూ కప్లింగు కట్టాలంటే పాయింట్స్‌మన్ (పెట్టెలను కలిపే, విడదీసే రైల్వే కార్మికుడు) పెట్టెల కొసల్లో తాకిడిని ఓర్చే బఫర్ల కింద నుంచి వంగి పట్టాల నడుమకు వెళ్లాలి. బరువైన ఇనుప లింకును చేతులతో ఎత్తి ఎదుటి పెట్టె కొక్కేనికి తగిలించాలి. పిడిని తిప్పుతూ బఫర్లు ఒకదానికొకటి ఆనేదాకా మర బిగించాలి. ఆ తర్వాత బ్రేకు గొట్టాలు కలపాలి. ఇంజిను అడుగు కదిలినా ప్రాణాపాయమే. వానలో, చీకట్లో ఈ పని చేసిన వారి పేర్లు రైల్వే చరిత్రల్లో కనబడవు. నకిల్ రకమైన సెంటర్ బఫర్ కప్లరు (సీబీసీ)లో ఒక దవడనైనా తెరిచి ఉంచి పెట్టెను నెడితే చాలు, లాక్ దానంతటదే పడుతుంది. తర్వాత ఇంజినుతో ఒకసారి లాగించి, పట్టు చూస్తారు. విప్పడానికి పక్కనున్న హ్యాండిల్ ఎత్తితే సరిపోతుంది.

బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖకు చేర్చేందుకు దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టులో భాగంగా 1966–67లో కేకే మార్గం పూర్తయింది. పొడవు సుమారు 445 కిలోమీటర్లు, సొరంగాలు 58. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాటాక 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను వస్తుంది. ఈ ఎక్కుడులో మొత్తం రైలు బరువును ఇంజిను వెనుక ఉన్న మొదటి కప్లరే మోయాలి. ఇంజినుకు ఎంత శక్తి ఉన్నా కప్లరు ఓర్చినంతవరకే లాగగలదు. అందుకే ఘాట్లలో వెనక నుంచి నెట్టే బ్యాంకరు ఇంజిను వాడతారు. ఖనిజంతో విశాఖకు దిగే రైలు టైడా వైపు వచ్చేటప్పుడు సంగతి తిరగబడుతుంది. వెనుక వ్యాగన్ల బరువంతా ముందుకు తోసుకొస్తుంది. కప్లర్ల మధ్య ఉండే కాస్త సందు మూసుకుని, బ్రేకు వదిలినప్పుడు మళ్లీ తెరుచుకుంటూ కుదుపులు పుట్టిస్తుంది. లోకోపైలట్ నేర్పు ఆ కుదుపులను అదుపులో ఉంచడంలోనే తెలుస్తుంది. ఎక్కడైనా కప్లింగు తెగి బండి రెండుగా విడిపోతే బ్రేకు గొట్టం ఊడి గాలి పోతుంది. దాంతో రెండు ముక్కలకూ బ్రేకులు వాటంతటవే పడతాయి.

1980ల తొలినాళ్లలో మార్గాన్ని విద్యుదీకరించారు. ఆ దశాబ్దం చివర స్వీడన్, జపాన్‌ల నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 తరగతి ఇంజిన్లు ఇక్కడ పనిచేశాయి. రెండు మూడు ఇంజిన్లను కలిపి కట్టడం ఈ దారిలో మామూలే.

సరుకు వ్యాగన్లకు సీబీసీ వచ్చాక కూడా ప్రయాణికుల రైళ్లలో స్క్రూ కప్లింగు ఇంకా చాలాకాలం నిలిచింది. 2000లో జర్మనీ నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెలతో వాటిలోనూ సీబీసీ మొదలైంది. 2017 ఏప్రిల్‌లో కిరండూల్ ప్యాసింజరుకు అద్దాల విస్టాడోమ్ పెట్టెను తగిలించాక అరకు చూడవచ్చేవారికి ఈ ఘాట్ మరింత పరిచయమైంది. సీబీసీ ఉన్న బళ్లలో సైతం మామూలుగా బ్రేకు గొట్టాలను చేత్తోనే కలపాలి. అందుకోసం పాయింట్స్‌మన్ ఇప్పటికీ రెండు పెట్టెల మధ్యకు వెళ్లాల్సిందే.