క్రోమియము పూత - దాని పూర్వాపరములు

ఇత్తడి గిన్నెకు కళాయి పోయినచో మరల పెట్టించుట మన ఇండ్లలో తెలిసిన పనియే. కళాయివాడు గిన్నెను కాచి, నవాసారము చల్లి, కరగిన తగరమును గుడ్డతో రాచును. నిమిషములలో గిన్నె లోపలి భాగము వెండివలె మెరయును. ఈ అనుభవమును బట్టి కారులోని క్రోమియము పూతయు అరిగినచోట మరల పూసినచో చాలునని పలువురు తలంతురు. అది సాధ్యము కాదు. ఎందువలన కాదో గ్రహింపవలెనన్న ఆ పూత పుట్టిన విధము తెలియవలెను.

గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి, మిరప మైదానములలో పాత అంబాసిడరు కారును ముచ్చటగా భద్రపరచుకొనువారు నేటికిని కలరు. 1950ల చివరినుండి 2014 వరకు వంగదేశములోని ఉత్తరపారా కర్మాగారమున తయారైన కారు ఇది. ఇట్టి పాత కార్ల లోపల తలుపు పిడులు, అద్దములు దించు చేతులు, కొలత పరికరముల అంచులు తళతళలాడుచుండెడివి. ఏండ్ల తరబడి చేతి చెమటలోని ఉప్పు, గాలిలోని దుమ్ము సోకగా అవి మాయును. మొదట పసుపు ఛాయ కనబడును, అది నికెలు. తరువాత ఎరుపు తేలును. అది రాగి, లేదా ఉక్కు త్రుప్పు. కొన్నింటిపై పొక్కులు లేచి తెల్లని పొడి రాలును. అది అడుగున నున్న యశదము, అనగా జింకు. ఒక్క పూత అని మనమనుకొను దానిలో ఇన్ని పొరలున్నవన్నమాట.

క్రోమియమును 1797లో వోక్లా అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు సైబీరియానుండి వచ్చిన ఎర్రని సీసపు ఖనిజములో కనుగొనెను. దాని లవణములు రంగురంగులుగా నుండుటచే గ్రీకు భాషలో రంగు అను అర్థముగల పేరు దానికి కలిగినది. కెంపు ఎరుపునకు, పచ్చ పచ్చదనమునకు కారణము ఈ మూలకమే. దీని ముఖ్య ఖనిజమగు క్రోమైటు మనకు దూరమున లేదు. కృష్ణానదికి ఆవలి ఒడ్డున, బొమ్మలకు పేరుపడిన కొండపల్లి కొండలలోనే కలదు.

లోహము దొరికినను దానిని పూతగా నిలుపుట సులభము కాలేదు. 1854లో బున్సెన్, 1856లో గాయిథర్ అను జర్మను శాస్త్రజ్ఞులు విద్యుత్తు సాయమున క్రోమియమును రాబట్టిరి. కాని తరువాత ప్రయత్నించినవారికి ఒకప్పుడు పూత వచ్చెడిది, ఒకప్పుడు రాకుండెడిది. దాదాపు డెబ్బది ఏండ్లు ఈ చిక్కు విడలేదు. 1920లలో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఫింక్, ఎల్డ్రిడ్జ్ అను వారు దానిని విప్పిరి. క్రోమిక్ ఆమ్లముతోపాటు కొద్దిగా సల్ఫేటు ఉండవలెను. నూరు పాళ్లకు సుమారు ఒక పాలు. తక్కువైనను ఎక్కువైనను మంచి పూత రాదు. అంతవరకు మలినముగా తలపబడిన పదార్థమే అసలు కీలకమని తేలినది! ఆ దశాబ్దము ముగియులోపల, మాటిమాటికి తోమవలసిన నికెలు స్థానమును కార్లపై క్రోమియము ఆక్రమించెను.

ఇచట ఒక విశేషము గమనింపుడు. అలంకారపు క్రోమియము పొర మందము అర మైక్రానుకు మించదు. మన తలవెండ్రుక మందములో అది నూరవవంతైనను కాదు. మెరుపులో అధిక భాగము దాని అడుగున పది మొదలు ముప్పది మైక్రాన్ల మందమున నుండు నికెలుది, దానికిని అడుగున నున్న నునుపుది. క్రోమియము పని కాపలా కాయుటయే. గాలి తగిలిన వెంటనే దానిపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడి మాయకుండ కాపాడును. కాపాడు ఆ పొరయే పైన వేయు క్రొత్త పూతను అంటనీయదు. కళాయికిని దీనికిని భేద మిదియే.

కనుక పాత పూతను పూర్తిగా తీసి, వస్తువును నునుపుచేసి, రాగి, నికెలు, క్రోమియము వరుసగా వేయవలెను. ఇత్తడికి, ఉక్కుకు ఈ పని చక్కగా జరుగును. జింకు మిశ్రలోహపు వస్తువును ఆమ్లములో ముంచినచో పూతతోపాటు వస్తువే కరగును; మిక్కిలి జాగ్రత్త వలయును. ప్లాస్టిక్కు విద్యుద్వాహకము కాదు. దానిపై ముందుగా రసాయన విధానమున లోహపు పొర నిలిపినగాని విద్యుత్తు పని చేయదు. పూత ఇంకను మిగిలియున్నచో సబ్బునీరు, మెత్తని గుడ్డ చాలును. ఇత్తడి పాత్రలకు అలవాటైన చింతపండు, బూడిద ఇచట కీడు చేయును. చింతపండు పులుపు సన్నని రంధ్రములగుండ దిగి అడుగు లోహమును తినును. బూడిద గీతలు పెట్టును.

ఈ మెరుపునకు మరొక మూల్యము కలదు. పూత తొట్టిలోని ఆరు సంయోజకతగల క్రోమియము ఘోర విషము. ఆ తుంపరలు పీల్చిన పనివారికి ముక్కు దూలము చిల్లిపడును. ఊపిరితిత్తుల క్యాన్సరును కలుగవచ్చును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లో దీనిని క్యాన్సరు కారకముగా నిర్ధారించినది. వాడిన ద్రావణమును కాలువలో పారబోయుట మహాపరాధము. దానిని ఆమ్ల ద్రావణములో సోడియం బైసల్ఫైటుతో చర్య జరిపినచో నారింజ రంగు పోయి ఆకుపచ్చ వచ్చును. విషము తక్కువైన మూడు సంయోజకతగల క్రోమియము ఏర్పడును. పిమ్మట సున్నముతో దానిని అవక్షేపముగా వేరుచేయవలెను. మూడు సంయోజకతగల క్రోమియముతోనే పూత వేయు తొట్లు 1970లనుండి వాడుకలోనికి వచ్చినవి. కారు పిడికి క్రొత్త పూత వేయింపదలచినవారు ధర అడుగుటతోపాటు, వాడిన నీరు ఎచటికి పోవుచున్నదని కూడ అడుగవలెను.

పాఠశాలలలో విద్యుత్ పూతను చూపదలచిన ఉపాధ్యాయులు రైతులు బోర్డో మిశ్రమమునకు వాడు మైలుతుత్తము, ఒక రాగి రేకు, ఒక ఇత్తడి తాళపుచెవి, టార్చి బ్యాటరీ తీసికొనిన చాలును. తాళపుచెవిని ఋణధ్రువమునకు, రాగి రేకును ధనధ్రువమునకు కలుపవలెను. కొలది సేపటికే చెవిపై ఎర్రని రాగి నిలుచును. మైలుతుత్తము తాకిన చేతులు కడుగుకొనుట మరువరాదు. క్రోమిక్ ఆమ్లమును మాత్రము తరగతి గదిలోనికి తేనే కూడదు.