ఆరు నెలలు ఆగే సబ్బు

ఆషాఢం. విశాఖలో కిటికీ తెరిస్తే సముద్రపు తేమ వచ్చి గోడలకు అంటుకునే రాత్రి. అటక మీంచి అట్టపెట్టె దించి మూత తీశాను. నా పక్కన నిలబడి ఒక్కసారి వాసన చూడండి. నెలల తరబడి మూసిన జంతికల డబ్బా తెరిచినట్టు, ముందు నూనె కంపు. తర్వాత టార్చి వెలుగులో కనిపిస్తాయి సంక్రాంతికి చేసిన ఆలివ్ నూనె సబ్బులు. ఒళ్లంతా నారింజ రంగు మచ్చలు, వాటి మీద జిగురు చెమట.

ఒకటి తీసి తిప్పి చూడండి. అడుగున మచ్చలు ఎలాపడితే అలా లేవు. వరసగా, గళ్లు గళ్లుగా ఉన్నాయి. సబ్బులు ఆరబెట్టిన ఇనుప జాలీ గళ్లే అవి.

అత్తయ్య నా భుజం మీంచి వంగి చూశారు. "ఇనుము తగిలిందమ్మా. ఆవకాయ జాడీలో ఇనప గరిటె పెడతామా?"

ఆమె మాటలోనే సగం రసాయన శాస్త్రం ఉంది. ఆలివ్ నూనెలో ఎక్కువ భాగం ఓలియిక్ ఆమ్లం. అది గాలికి కొంత ఓర్చుకుంటుంది. దానితోపాటు కాస్తో కూస్తో ఉండే లినోలియిక్ ఆమ్లం మాత్రం ఆక్సిజన్‌తో కలిసి సుమారు పది రెట్ల వేగంగా చెడుతుంది. ఇనుమో రాగో రవ్వంత తగిలితే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. పైగా ఆలివ్ సబ్బు కోసిన వారానికే వాడుకునేది కాదు. కొత్తలో మెత్తగా, జిగటగా ఉంటుంది. గట్టిపడి మంచి నురగ ఇవ్వాలంటే ఆరు నెలలైనా ఆగాలి. ఏడాది ఆగితే మరీ మంచిది. నూనె చెడేదీ ఆ ఆగే కాలంలోనే. అందుకే ఈ సబ్బు చేయడమంటే, అన్నాళ్ల నిలవకు దాన్ని మొదటిరోజే సిద్ధం చేయడం.

తెల్లారింది, వంటింట్లోకి రండి. కొత్త ఆలివ్ నూనె సీసా మీద తేదీ చూసి, రెండు చుక్కలు అరచేతిలో రుద్ది వాసన చూశాను. పచ్చి ఆకు వాసన. పోయినసారి పాత సీసాలో మిగిలినది సబ్బుకు చాల్లే అనుకుని పోసేశాను. చెడటం మొదలైన నూనె సబ్బులో చేరినా బాగుపడదు.

ఆలివ్ నూనె 800 గ్రాములు, కొబ్బరి నూనె 150, ఆముదం 50. అందులో చిక్కటి రోజ్‌మేరీ సారం ఒక్క గ్రాము. సువాసనకు వాడే రోజ్‌మేరీ తైలం వేరు, దానితో ఈ పని జరగదు. ఈ సారం నూనెను గాలి బారి నుంచి కాపాడుతుంది.

ఇప్పుడు కాస్త వెనక్కి జరగండి. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకున్నాను. స్టీలు గిన్నెలో 280 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ ఉంది. కుళాయి నీళ్లలో ఇనుము ఉండొచ్చని వాటిని వద్దనుకున్నాను. ముందు 10 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించాను. తర్వాత కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా నీళ్లలో వేస్తున్నాను. నీళ్లు తెచ్చి కాస్టిక్ మీద ఎప్పుడూ పోయకూడదు. గిన్నె సలసలా వేడెక్కి, ఘాటైన ఆవిరి కిటికీ వైపు వెళ్తోంది. ఈ నూనెలకు 134 గ్రాముల కాస్టిక్ చాలు. నిమ్మ ఉప్పు తినేసే 6 గ్రాములు కలిపి 140 తూచాను. నూనెలు మారితే ఈ లెక్కా మారుతుంది. నిమ్మ ఉప్పు కాస్టిక్‌తో కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది. నీళ్లలోనో నూనెలోనో దాగిన లోహపు జాడలను పట్టి కట్టేస్తుంది.

ఈ లెక్కలో నూటికి ఐదు పాళ్ల నూనె సబ్బు కాకుండా మిగులుతుంది. సంక్రాంతికి, చర్మానికి మెత్తగా ఉంటుందని పది పాళ్లు వదిలాను. ముందు కంపు కొట్టేది ఆ మిగులు నూనే.

నూనెలో కాస్టిక్ నీళ్లు పోసి, గరిటె జాడ పైన నిలిచేదాకా కలిపి, అచ్చులో పోశాను. రెండు రోజులకు ముక్కలు కోశాను. వెదురు తట్టలో తెల్ల కాగితం పరిచి, ముక్కకూ ముక్కకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలి పేర్చాను. ఇంటి సబ్బులో మిగిలే గ్లిజరిన్ గాలిలో తేమను లాగేస్తుంది. అందుకే ఎండ పడని గది, పైన తిరిగే ఫ్యాను.

ఆ సందుల విలువ పాలస్తీనాలోని నాబ్లస్ పనివాళ్లకు తరాలుగా తెలుసు. ఆలివ్ నూనె సబ్బును నేల మీద పోసి, కోసి, ముక్కలను బోలు గోపురాల్లా ఎత్తుగా పేరుస్తారు. ప్రతి ముక్క చుట్టూ గాలి ఆడుతుంది. నెలల తరబడి అలాగే ఆరుతాయి. ఆ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నా తట్ట వాళ్ల గోపురం ముందు ఎంత? అయినా వారం వారం సబ్బులు తిప్పుతుంటే వాళ్ల దగ్గర పని నేర్చుకుంటున్నట్టే ఉంటుంది.

మళ్లీ భోగి వచ్చింది. ఇంకా చీకటి విడవలేదు. నలుగు పెట్టుకుని నీళ్ల కాగు దగ్గర కూర్చున్న అత్తయ్య చేతిలో ఒక ముక్క పెట్టాను. వెనక్కి తిప్పి చూశారు. మచ్చ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉంచారు.

"దీనికి ఏ వాసనా లేదేమ్మా" అంటూ చెంబుతో నీళ్లు ముంచుకున్నారు.