వలయల్లిక: మన కులవిద్య



కులచరిత్రము వ్రాయువారు తఱచుగా సత్యవతీదేవితో నారంభింతురు. అది మనకు గర్వకారణమే. ఆమెను పెంచిన దాశరాజు చేతిలోని వలను గూర్చి మాత్రము పలుకువారు అరుదు.

అమరకోశమున వారివర్గమందు కైవర్త, దాశ, ధీవర శబ్దములు మనవారికి పర్యాయములు. వలకు జాలము, ఆనాయము అని పేళ్లు. జాలరి యను మాటకు మూలము ఈ జాలశబ్దమే. జనపదారముతో నల్లిన వలకు అచ్చటనే శణసూత్రము, పవిత్రకము అను నామములు గలవు. శణమనఁగా మన జనుము. అమరము వల్లించినవా రెందఱో గలరు. పవిత్రకమును కన్నులార జూచినవా రెందఱు?

చెరుకుపల్లికి దక్షిణమున నిజాంపట్నము గలదు. దానినే పూర్వము పెద్దపల్లి యనిరి. 1606లో డచ్చివారును, 1611లో 'గ్లోబు' అను నోడపై నాంగ్లేయులును అచ్చటికి వర్తకమునకై వచ్చిరి. వారు కొన్న వస్త్రముల కథ చరిత్రగ్రంథముల కెక్కినది. మన వల కథ చేతినుండి చేతికే వచ్చినది.

ఆ విద్య యెట్టిది? బాలుఁడు మొదట దారము పేనును. పిదప వెదురుసూదికి దారము చుట్టి, బద్దమీఁద ముడివేయ నేర్చును. బద్ద వెడల్పును బట్టి కన్ను, కన్నును బట్టి చేప. చేప తల దూరి మొప్పలకడ చిక్కవలెను. కన్ను పెద్దదైనచో చేప దాటిపోవును; చిన్నదైనచో తలయే దూరదు. విసురువల మఱింత కష్టము. కొనయందు కొలఁది కండ్లతో నారంభించి, వరుసల నడుమ లెక్కగా కండ్లు పెంచుచు దిగవలెను. లెక్క తప్పెనా, వల నీటిపై గుండ్రముగా విచ్చుకొనదు. పలక పట్టనివారు ఈ గణితమును వ్రేళ్లతో సాధించిరి!

ఆస్ట్రేలియాలో మఱ్ఱే, డార్లింగు నదుల ఆదిమవాసులును జమ్ముదుంపలను ఉడికించి, నమిలి, నార దీసి, తొడపై పేని వలలల్లిరి. ఎంత దూరదేశమైనను పని యొక్కటే.

1960 దశకమునుండి మన తీరమున నైలాను వ్యాపించినది. అది కుళ్లదు, బెరడు కషాయమున నానవేయ నక్కఱలేదు, కండ్లను యంత్రమే అల్లును. కడుపుకష్టము తెలిసినవాఁ డెవ్వఁడును దానిని నిందింపఁడు. చిరిగిన వలను బాగుచేయు నేర్పు నేఁటికిని మనవారి చేతులలో నున్నది. దారమునుండి వల పుట్టించు లెక్క మాత్రము కొందఱు వృద్ధుల యొద్దనే మిగిలియున్నది.

కావున ఈ మహాసభకు విచ్చేసిన తీరగ్రామముల పెద్దలు తమ సూదులను, బద్దలను వెంటఁ దెచ్చి, మన విద్యార్థుల నొకపూట ప్రక్కను గూర్చుండఁబెట్టుకొందురుగాక. బద్దల కొలతలను, కండ్ల లెక్కలను, వలల పేళ్లను విద్యార్థులు వ్రాసికొనవలెను. దారపు వ్యయమును దాతలు భరింపఁ బ్రార్థన.